గుడ్డు పెంకు, నత్త గుల్ల, రొయ్య పొట్టు: ఏది దేనితో తయారైందో ఇంట్లోనే తేల్చుకోవడం ఎలా?

స్కూళ్లలో ప్రాజెక్టుల కాలం వచ్చిందంటే తల్లిదండ్రులు నన్ను అడిగే ప్రశ్న ఒకటే. "సార్, గుడ్డు పెంకు, నత్త గుల్ల, రొయ్య పొట్టు, చేప పొలుసు... అన్నీ కాల్షియమేనని రాయించెయ్యమంటారా?" వద్దండీ. అందులో సగమే నిజం. మిగతా సగం పిల్లలే చేసి చూడొచ్చు. వంటింట్లో వెనిగర్, పసుపు, గ్యాస్ పొయ్యి ఉంటే చాలు. అందరికీ విడివిడిగా చెప్పలేక ఇక్కడ ఒక్కసారే రాసేస్తున్నాను.

మన భాష ఈ విషయంలో ముందే జాగ్రత్తపడింది. గుడ్డుది పెంకు, నత్తది గుల్ల, పీతది డిప్ప, రొయ్యది పొట్టు, చేపది పొలుసు. రొయ్య పొలుసు అనీ చేప పెంకు అనీ ఎవరూ అనరు. లోపలి సరుకు కూడా ఇంచుమించు అలాగే వేరు వేరు.

తెలియాల్సిన సిద్ధాంతం ఇంతే

గుడ్డు పెంకు, నత్త గుల్ల, గవ్వ, శంఖం, ఆల్చిప్ప: వీటిలో ఎక్కువ భాగం కాల్షియం కార్బొనేట్. సున్నపురాయిదీ అదే జాతి. గుడ్డు పెంకులో అది సుమారు 95 శాతం.

వెంట్రుక, గోరు, ఈక, కొమ్ము, గిట్ట, అలుగు (పాంగోలిన్ అనే అడవి జంతువు) పొలుసు: ఇవన్నీ కెరటిన్ అనే ప్రోటీన్. అందులో గంధకం ఉంటుంది. వెంట్రుక కాలినప్పుడు వచ్చే కమురు కంపులో దాని పాత్ర ఉంది.

బొద్దింక రెక్క, పేడపురుగు వీపు, రొయ్య పొట్టు, పీత డిప్ప: వీటికి ఆధారం కైటిన్. అది ప్రోటీన్ కాదు, దూదిలోని సెల్యులోజ్‌కి దగ్గరి చుట్టం. రొయ్య, పీత దాని మీద కాల్షియం కార్బొనేట్ కూడా చేర్చుకుంటాయి, పురుగులు సాధారణంగా చేర్చుకోవు. ఈ కైటిన్‌ని 1811లో బ్రాకొన్నో అనే ఫ్రెంచి శాస్త్రవేత్త మొట్టమొదట చూసింది పురుగుల్లో కాదు, పుట్టగొడుగుల్లో!

చేప పొలుసు వీటన్నిటికీ భిన్నం. అది కొల్లాజెన్ అనే ప్రోటీన్, కాల్షియం ఫాస్ఫేట్ కలిసిన పలక. మన ఎముకలదీ అదే కూర్పు.

ఇక ఒక్క మాట గట్టిగా గుర్తుపెట్టుకోండి. వెనిగర్‌లో నురగ వస్తే "కార్బొనేట్ ఉంది" అని అర్థం. "కాల్షియం ఉంది" అని కాదు. చేప పొలుసులో కాల్షియం దండిగా ఉంటుంది, అయినా నురగ రాదు. పిల్లల ప్రాజెక్టుల్లో నేను చూసే పెద్ద తప్పు ఇదే.

కావలసినవి

- తెల్ల వెనిగర్, ఒక లీటరు. సీసా మీద ఎసిటిక్ ఆమ్లం ఎంత శాతమో చూసుకోండి, సుమారు 4 ఉంటుంది.
- నమూనాలు: ఒక పచ్చి గుడ్డు, నాలుగైదు గుడ్ల పెంకులు, గుప్పెడు రొయ్య పొట్టు, పది చేప పొలుసులు (శీలావతివో బొచ్చెవో అయితే పెద్దవిగా ఉంటాయి), ఖాళీ నత్త గుల్ల, రాలిన కోడి ఈక, కత్తిరించిన గోళ్లు, నాలుగు వెంట్రుకలు. చచ్చిన బొద్దింక రెక్క దొరికితే మరీ మంచిది.
- గాజు గ్లాసులు ఆరు, పింగాణీ పళ్లెం, డ్రాపరు లేదా చెంచా.
- పొడవాటి పట్టకారు, పక్కనే ఒక చెంబెడు నీళ్లు.
- పసుపు, కిళ్లీ సున్నం, చాకలి సోడా (వంట సోడా కాదు).
- సన్నటి ప్లాస్టిక్ గొట్టం, అక్వేరియంకి వాడేది.
- కళ్లద్దాలు. పవర్ ఉన్నవైనా సరే, లేకపోవడం కంటే నయం.

గుడ్డు కూడా గడప దాటని ఇళ్ల వాళ్లు చాలామంది అడుగుతుంటారు. మీకు గవ్వలు, ఉన్ని దారం, గోళ్లు, రాలిన పావురం ఈక సరిపోతాయి. ఈకని మాత్రం ఒంటి సబ్బుతో (బట్టల సబ్బుపొడితో కాదు) కడిగి, మామూలు నీళ్లతో బాగా జాడించి ఎండబెట్టండి, పట్టుకున్నాక చేతులు కడుక్కోండి. గవ్వల కోసం అమ్మమ్మ అష్టాచెమ్మా సంచి మీద పడకండి, వెనిగర్ తగిలిన గవ్వకి మెరుపు మళ్లీ రాదు.

మొదలుపెట్టే ముందు

*బ్లీచింగ్ ద్రావణం, బాత్‌రూమ్ ఆసిడ్ ఈ పనిలోకి తేవద్దు.* ఆసిడ్‌తో అయితే "ఇంకా వేగంగా" అవుతుందని ఎవరో ఒకరు సలహా ఇస్తారు. బ్లీచ్‌కి ఆసిడ్ తగిలినా, వెనిగర్ తగిలినా క్లోరిన్ వాయువు పుడుతుంది. మూసిన బాత్‌రూములో అది ప్రాణం మీదికి తెస్తుంది.

*కిళ్లీ సున్నం కంట్లో పడితే చూపు పోవచ్చు.* పొట్లం పిల్లల చేతికి ఇవ్వకండి, నొక్కితే చిమ్ముతుంది. పొరపాటున పడితే వెంటనే ధారగా నీళ్లతో కనీసం పావుగంట కడిగి ఆస్పత్రికి తీసుకెళ్లండి.

*రొయ్యలు, పీతలు పడనివాళ్లు* ఆ పొట్టు ముట్టుకోవద్దు, అది మరిగే ఆవిరి దగ్గర కూడా ఉండొద్దు.

*బతికున్న నత్తల జోలికి వెళ్లకండి.* కొన్ని నత్తల్లో మనుషుల మెదడుకి ఎక్కే నులిపురుగు ఉంటుంది. చేనుగట్టు మీద ఎండిపోయిన ఖాళీ గుల్లలు ఏరుకోండి, మరిగిన నీళ్లలో పది నిమిషాలు ఉంచి ఆరబెట్టండి.

*అడవి జంతువులవి వద్దు.* అలుగు పొలుసులు, నక్షత్ర తాబేలు చిప్ప, సముద్ర తాబేలు చిప్ప, పగడం, ఇవి ఇంట్లో పెట్టుకోవడమే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. కెరటిన్ చూడ్డానికి అలుగు దాకా ఎందుకు, మీ వేలి చివరే ఉంది.

1. నమూనాలు శుభ్రం చేయండి

అన్నిటినీ మామూలు నీళ్లతో కడిగి ఒక రోజు ఎండబెట్టండి. సబ్బుపొడితో గానీ సోడాతో గానీ కడగొద్దు. బట్టల పొడిలో తరచూ సోడా ఉంటుంది, ఆ మిగులుకి వెనిగర్ తగిలితే అదే నురగ వస్తుంది. ఒకసారి ఓ అమ్మాయి తీసుకొచ్చిన ఈక బుసబుసలాడింది. అందరం ఆశ్చర్యపోయాం. ఆరా తీస్తే వాళ్లమ్మగారు ఆ ఈకని సర్ఫులో నానబెట్టి మరీ ఉతికారట.

గుడ్డు పెంకు లోపలి తెల్లటి పొరని వీలైనంత ఒలిచేయండి. పెంకు తడిగా ఉన్నప్పుడు సులువుగా వస్తుంది. ఆ పొర పారేయకండి, అది ప్రోటీన్. వేరే నమూనాగా పనికొస్తుంది.

నత్త గుల్ల అయితే అంచు చిన్న ముక్క విరిచి పెట్టుకోండి. ఎందుకో మూడో అంచెలో తెలుస్తుంది.

2. ముందు నీళ్ల చుక్క

దాదాపు అందరూ వదిలేసే అంచె ఇది. ప్రతి నమూనా మీద ముందుగా మామూలు నీళ్ల చుక్క వేసి ఒక నిమిషం చూడండి. గుడ్డు పెంకుకి వేల సూక్ష్మరంధ్రాలుంటాయి, లోపలి పిల్ల ఊపిరి పీల్చేది వాటి గుండానే. ఆ రంధ్రాల్లో గాలి నీళ్లలోకి బుడగలుగా వస్తుంది. ఈక సందుల్లోంచీ వస్తుంది. ఇవి రసాయన చర్య బుడగలు కావు. నీళ్లలో ఎన్ని వచ్చాయో ఒకసారి చూసుకుంటే వెనిగర్‌లో వచ్చినవాటితో పోల్చుకోవచ్చు.

3. వెనిగర్ చుక్క

పళ్లెంలో నమూనాలు దూరం దూరంగా పెట్టి, ఒక్కోదాని మీద నాలుగు చుక్కలు వేయండి. రెండు నిమిషాలు కదపకుండా చూడండి. భూతద్దం ఉంటే బాగుంటుంది, ఫోన్ కెమెరాలో జూమ్ చేసినా సరే.

గుడ్డు పెంకు: వెంటనే, ఆగకుండా బుడగలు.
పీత డిప్ప: బాగానే వస్తాయి.
రొయ్య పొట్టు: చాలా సన్నటి బుడగలు, నెమ్మదిగా. తొందరపడి "రాలేదు" అని రాసేయకండి. ఒక ముక్కని గ్లాసులో వెనిగర్‌లో ముంచి ఐదు నిమిషాలు ఆగితే దాని ఒంటి నిండా ముత్యాల్లా అంటుకుని కనిపిస్తాయి.
చేప పొలుసు, ఈక, గోరు, వెంట్రుక, బొద్దింక రెక్క: ఏమీ రాదు.

నత్త గుల్ల దగ్గరే అందరూ తడబడతారు. పొలాల్లో దొరికే గుల్ల మీద గోధుమ, ఆకుపచ్చ రంగుల్లో పలుచటి తోలులాంటి పొర ఉంటుంది. అది ప్రోటీన్. పుల్లటి నీళ్లు తగిలినా లోపలి సున్నం కరిగిపోకుండా నత్త వేసుకున్న పూత. దాని మీద వెనిగర్ పోస్తే ఏమీ జరగదు, పిల్లలు "కాల్షియం లేదు" అని రాసేస్తారు. చుక్క వేయాల్సింది విరిచిన అంచు మీద. అక్కడ చూడండి బుడగలు!

బీచ్‌లో కొన్న గవ్వలు, శంఖాల మీద తరచూ వార్నిష్ ఉంటుంది. వాటిని అడుగువైపు ఉప్పుకాగితంతో గీకి అక్కడ వేయండి.

వెనిగర్ లేకపోతే నిమ్మరసం వాడొచ్చు. కానీ అది మొదట్లో బాగా పొంగి తర్వాత మందగిస్తుంది. పెంకు మీద నీళ్లలో సరిగా కరగని కాల్షియం సిట్రేట్ తెల్లగా పేరుకోవడమే కారణం. చింతపండు పులుసుతోనూ ఇదే ఇబ్బంది. చుక్క పరీక్షకి నిమ్మరసం సరే, నానబెట్టే పనికి వెనిగరే వాడండి.

ఈ సందర్భంలోనే పనికొచ్చే మాట ఒకటి. దేవుడి గదిలో ఇత్తడి సామాను తోమే చింతపండుతోనే శంఖం కూడా తోమేవాళ్లున్నారు. అందుకే అది ఏటేటా వెలవెలబోతుంది. ముత్యాలదీ అంతే. అసలుదా నకిలీదా తేల్చడానికి వెనిగర్‌లో వేసి చూడమని చెప్పేవాళ్ల మాట వినకండి. అసలు ముత్యమే పాడవుతుంది, నకిలీకి ఏమీ కాదు.

4. ఆ బుడగలు ఏమిటో రుజువు చేయండి

ఇది ఐచ్ఛికం, కానీ మార్కులు పడేది ఇక్కడే.

ముందురోజు రాత్రి లీటరు నీళ్లలో ఒక చెంచా కిళ్లీ సున్నం కలిపి, మూతపెట్టి కదపకుండా ఉంచండి. పొద్దున్నే పైన తేరిన సున్నపు తేటని మెల్లగా వేరే సీసాలోకి వంచుకోండి. మామూలు నీళ్లలా కనిపించాలి. కొంచెం మసకగా ఉన్నా మళ్లీ తేరనివ్వండి.

చిన్న సీసాలో అర గ్లాసు వెనిగర్, నలిపిన గుడ్డు పెంకు ఒక చెంచా వేయండి. మూతకి రంధ్రం చేసి గొట్టం బిగించి, రెండో కొసని సున్నపు తేట ఉన్న గ్లాసులో ముంచండి. ఒకట్రెండు నిమిషాల్లో తేట పాలలా తెల్లబడితే వచ్చేది కార్బన్ డయాక్సైడ్.

- గొట్టం లేకుండా మూత బిగించకండి, సీసా పగులుతుంది.
- సీసా సగం కంటే నింపకండి. నురగ గొట్టంలోకి ఎక్కి వెనిగర్ తేటలో పడితే తెలుపు రాదు.
- తెల్లబడ్డాక కూడా చాలాసేపు వాయువు వెళ్తూ ఉంటే నీళ్లు మళ్లీ తేటబడతాయి. పరీక్ష విఫలమైందని అనుకోవద్దు, ఆ తెల్లపొడి కరిగే బైకార్బొనేట్‌గా మారిపోయింది. తెల్లబడగానే ఫొటో తీసి ఆపేయండి.

ఇదంతా చేస్తూ ఒక విషయం గమనించండి. మీ చేతిలోని కిళ్లీ సున్నం కూడా ఒకప్పుడు గుల్లే అయి ఉండొచ్చు. పులికాట్ సరస్సు గుల్లలు, కాకినాడ అఖాతంలోని పలచటి ఆల్చిప్పలు సున్నపు బట్టీలకే వెళ్లేవి. గుల్ల సున్నం అనే మాట ఊరికే రాలేదు.

5. రెండు రోజుల నానబెట్టు

గుడ్డు: పగుళ్లు లేని పచ్చి గుడ్డుని గ్లాసులో పెట్టి, నిండా మునిగేలా వెనిగర్ పోయండి. ఇక్కడ ఒక లెక్క ఉంది. ఒక గుడ్డు పెంకు 5 నుంచి 6 గ్రాములుంటుంది. ఒక గ్రాము కార్బొనేట్‌ని కరిగించడానికి 1.2 గ్రాముల ఎసిటిక్ ఆమ్లం, అంటే 4 శాతం వెనిగర్ 30 మి.లీ. కావాలి. కాబట్టి ఒక్క గుడ్డుకే 150 నుంచి 180 మి.లీ. ఖర్చవుతుంది. చిన్న కప్పులో కొంచెం వెనిగర్ పోసి "మా గుడ్డు కరగలేదండీ" అని ఫోన్ చేసేవాళ్ల సమస్య ఇదే. మొదట 200 మి.లీ. పోయండి, మర్నాడు వంచేసి కొత్తది పోయండి.

గుడ్డు పైకి తేలుతుంది, బుడగలే దాన్ని లేపుతాయి. తేలిన భాగం కరగదు. పైన చిన్న గిన్నె బోర్లించి ముంచండి, లేదా అప్పుడప్పుడూ తిప్పండి. నాటుకోడి గుడ్డు అయితే గోధుమ రంగు తెట్టు కడుతుంది. అది రంగు మాత్రమే, కంగారు వద్దు.

రెండు రోజులయ్యాక నీళ్ల ధార కింద వేలితో మెల్లగా రుద్దండి. మిగిలిన తెల్లపొడి పోయి, కాంతికి పట్టుకుంటే లోపలి పచ్చసొన నీడలా కనిపించే మెత్తటి సంచి చేతిలో మిగులుతుంది. అది ముందుకంటే కాస్త పెద్దదిగా ఉంటుంది, పొర గుండా నీళ్లు లోపలికి వెళ్లాయి. ఎక్కడైనా గరుకుగా తగిలితే ఇంకా పెంకు మిగిలి ఉన్నట్టే, మళ్లీ పెట్టండి. ఈ గుడ్డు తినకూడదు.

రొయ్య పొట్టు: ఒక రోజు చాలు. కరకరలాడే పొట్టు మెత్తటి, పారదర్శకమైన రేకు అవుతుంది, కానీ ఆకారం చెక్కుచెదరదు. సున్నం పోయింది, కైటిన్, ప్రోటీన్ మిగిలాయి. గుడ్డు పెంకుకీ దీనికీ తేడా ఇక్కడ కళ్లకి కడుతుంది. గుడ్డుది గోడంతా సున్నమే, కరిగాక లోపలి పొర తప్ప ఏమీ మిగలదు. రొయ్యది వెదురు తడిక మీద మెత్తిన మట్టి లాంటిది. మట్టి కడిగేస్తే తడిక నిలుస్తుంది.

చేప పొలుసులు: రెండు మూడు రోజులు ఉంచండి. నురగ లేకుండానే మెత్తబడి, తడి కాగితంలా వంగుతాయి. ఫాస్ఫేట్ నెమ్మదిగా కరిగిందన్నమాట. ఇప్పుడు వాటిని కడిగి, కొంచెం నీళ్లలో గంటసేపు సన్న సెగ మీద ఉడికించండి. చల్లారిన నీళ్లని వేళ్ల మధ్య రుద్దితే జిగటగా తగులుతుంది. కొల్లాజెన్ జెలటిన్‌గా మారింది. పాయా చల్లారితే గడ్డకట్టేదీ ఇందుకే.

వెంట్రుక, గోరు, ఈక కూడా ఒక గ్లాసులో వేసి ఉంచండి. వాటికి ఏమీ కాదు. ఏమీ కాలేదన్నది కూడా ఫలితమే, నోట్సులో రాయించండి.

6. మంట పరీక్ష (పెద్దవాళ్లే చేయాలి)

కిటికీలు తీసి, గ్యాస్ పొయ్యి నీలి మంట మీద చేయండి. కొవ్వొత్తి వద్దు. దాని మసి అంటుకుని తెల్ల పెంకు కూడా నల్లగా అవుతుంది, కాలిందో మసి పట్టిందో తేలదు. గోరంత ముక్కని పట్టకారుతో పట్టుకోండి.

వెంట్రుక, ఈక, గోరు: ముడుచుకుపోయి, ఉబ్బి, నల్లటి పూస అవుతుంది. అందరికీ తెలిసిన కమురు కంపు. పూస చల్లారాక వేళ్లతో నలిపితే పొడి అయిపోవాలి. నలగకుండా గట్టిగా ఉండి, కాలేటప్పుడు కరిగి చుక్కలు కారితే అది ప్లాస్టిక్. కొమ్ము దువ్వెన అని అమ్మినదాన్ని కూడా ఇలాగే పట్టేయొచ్చు. కనపడని చోట ఎర్రగా కాల్చిన సూది ఆనించి వాసన చూస్తే చాలు.

గుడ్డు పెంకు: మంట అంటుకోదు. మొదట బూడిద రంగులోకి తిరుగుతుంది, కొంచెం కంపు కూడా వస్తుంది. ఆ కంపు చూసి "ఇదీ కెరటినే" అనుకోకండి, పెంకులో మిగిలిన కాస్త ప్రోటీన్ కాలుతోంది. ఇంకా ఉంచితే తెల్లబడుతుంది.

రొయ్య పొట్టు: నల్లబడుతుంది, కంపు వస్తుంది, చివరికి అదే ఆకారంలో తెల్లటి పెళుసు బూడిద నిలుస్తుంది. ఆ అస్థిపంజరం సున్నపుది.

నత్త గుల్ల, గవ్వ ముక్కల్ని మంటలో పెట్టకండి. లోపలి తేమకి ఫట్‌మని పేలి కంట్లోకి ఎగురుతాయి.

7. పసుపుతో ఎర్రనీళ్లు

నాకు అన్నిటికంటే నచ్చే అంచె. పొర తీసి బాగా ఎండబెట్టిన గుడ్డు పెంకు ముక్క సన్నటి అంచుని మంటలోని అతి వేడి భాగంలో 5 నుంచి 10 నిమిషాలు ఎర్రగా మెరిసేలా ఉంచండి. పూర్తిగా చల్లారనివ్వండి. పళ్లెంలో పెట్టి ఒక చుక్క పసుపు నీళ్లు వేయండి. కాలిన అంచు దగ్గర ఎరుపు తిరుగుతుంది. దిష్టి తీయడానికి పసుపు, సున్నం కలిపి చేసే ఎర్రనీళ్లే ఇవి. దాదాపు 900 డిగ్రీల వేడికి కార్బొనేట్ నుంచి వాయువు పోయి సున్నం అవుతుంది. పక్కనే కాల్చని పెంకు మీద కూడా పసుపు నీళ్లు వేయండి, పచ్చగానే ఉండాలి. ఈ పోలిక లేకపోతే పరీక్షకి విలువ లేదు.

ఎరుపు రాకపోతే రెండు కారణాలుంటాయి. ఒకటి, వేడి చాలలేదు. ముక్క పెద్దదైతే మధ్యలో మారదు, కొస మాత్రమే మారుతుంది. రెండు, కాల్చి మూడు నాలుగు రోజులు బయట వదిలేశారు. గాలిలోని తేమనీ కార్బన్ డయాక్సైడ్‌నీ పీల్చుకుని సున్నం మళ్లీ కార్బొనేట్ అయిపోతుంది. కాల్చిన ముక్కని చేత్తో పట్టుకోకండి, తడి చేతికి మంటపుట్టిస్తుంది.

8. కైటిన్ దాకా వెళ్లాలంటే

ఐదో అంచెలో మెత్తబడిన రొయ్య పొట్టుని బాగా కడగండి. స్టీలు గిన్నెలో అర లీటరు నీళ్లు, రెండు చెంచాల చాకలి సోడా వేసి అరగంట మరిగించండి. అల్యూమినియం గిన్నె వాడితే గిన్నె నల్లబడి పాడవుతుంది. నీళ్లు మడ్డిగా మారతాయి, అది పొట్టు నుంచి వదిలిన ప్రోటీన్. వంచేసి, నాలుగైదుసార్లు కడిగి, ఎండలో ఆరబెట్టండి.

గాజు కాగితంలాంటి పల్చటి రేకు మిగులుతుంది. గులాబీ రంగు కొంచెం ఉండిపోతే ఉండనివ్వండి. రొయ్య ఉడికితే ఎర్రబడేది కూడా ఆ రంగు వల్లే. బతికున్నప్పుడు ప్రోటీన్ చాటున దాగి ఉంటుంది, వేడికి బయటపడుతుంది.

అయిందో లేదో తేల్చడానికి మూడు గుర్తులు. వెనిగర్ చుక్క వేస్తే ఒక్క బుడగా రాకూడదు. వస్తే ఐదో అంచె సరిగా కాలేదు. ఆరాక వంచితే సాగకుండా కాగితంలా మడతపడాలి. కాలిస్తే బూడిద దాదాపు మిగలకూడదు. శుభ్రం చేయని పొట్టు పక్కనే పెట్టి కాల్చండి, తేడా స్పష్టంగా తెలుస్తుంది.

మీకు దొరికింది నూటికి నూరుపాళ్లు కైటిన్ అని రాయకండి. కర్మాగారాల్లో ఇంకా ఘాటైన ఆమ్లం, క్షారం వాడి శుద్ధి చేస్తారు, తర్వాత దాన్ని కైటోసాన్‌గా మార్చి రక్తం ఆపే కట్లలో కూడా వాడతారు. "ఎక్కువ భాగం కైటిన్" అంటే సరిపోతుంది.

ఫలితాలు చదవడం

ఒక్క పరీక్షతో తీర్పు చెప్పొద్దు. కనీసం రెండు కలిపి చూడండి.

నురగ వచ్చి, మంటకి తెల్లబడి, వెనిగర్‌లో దాదాపు మొత్తం మాయమైతే అది కాల్షియం కార్బొనేట్. నురగ వచ్చినా నానబెట్టాక అదే ఆకారంలో మెత్తటి రేకు మిగిలితే కైటిన్ మీద కార్బొనేట్: రొయ్య, పీత. నురగ లేదు, కానీ రోజుల తరబడి నానితే మెత్తబడింది, మరిగిస్తే జిగట వచ్చింది: చేప పొలుసు, ఎముక. నురగ లేదు, నానినా మారలేదు, మంటలో ఉబ్బి గాఢమైన కమురు కంపుతో పూసకట్టింది: కెరటిన్. నానినా మారలేదు, మంటలో పూసకట్టకుండా బొగ్గయింది: పురుగు రెక్కల కైటిన్. ఈ చివరి రెండిటినీ విడదీయడం వాసన మీదే ఆధారపడితే కష్టం. పురుగు రెక్కలోనూ ప్రోటీన్ ఉంటుంది, దానికీ కొంచెం కంపు ఉంటుంది. పూసకట్టిందా లేదా అన్నది చూడండి.

తాబేలు గురించి ప్రతి ఏడూ అడుగుతారు కాబట్టి చెబుతున్నా, పరీక్ష మాత్రం చేయకండి. తాబేలు చిప్ప రెండంతస్తులు. పైన కనిపించే పలకలు కెరటిన్, వాటి కింద ఎముక. ఆ ఎముక దాని పక్కటెముకలూ వెన్నెముకా కలిసి అతుక్కుపోయి ఏర్పడింది. కార్టూన్లలో లాగా తాబేలు చిప్ప విప్పి పక్కన పెట్టలేదు.

తరగతి గదిలో "పోలికకి" సుద్దముక్క తెచ్చేవాళ్లూ ఉంటారు. ఇప్పటి సుద్దముక్కలు చాలావరకు జిప్సమ్‌వి, అంటే కాల్షియం సల్ఫేట్. నురగ రాదు. కాల్షియం ఉన్నా నురగ రాదనడానికి అదీ మంచి ఉదాహరణే, తప్పు నమూనా అని పారేయకండి.

లక్క గురించి కూడా ఒక పాప అడిగింది: "మా ఏటికొప్పాక బొమ్మ మీది లక్క పురుగు ఒంటిది కదా, అది కైటినా?" ప్రశ్న భలే ఉంది. లక్క పురుగు తన మీద తాను కప్పుకునే రక్షణే అయినా, అది దాని చర్మం కాదు, ఒంట్లోంచి కారే జిగురు. వెనిగర్‌కి నురగ రాదు, వేడికి మెత్తబడుతుంది, స్పిరిట్‌లో కరుగుతుంది. చూడాలనుకుంటే పెళుసు లక్క పెచ్చు కొనుక్కోండి, బొమ్మ మీద ప్రయోగం చేయకండి.

అయ్యాక

వాడిన వెనిగర్, సోడా నీళ్లు వేరు వేరుగా, ఎక్కువ నీళ్లు కలిపి సింకులో పోయండి. రెండూ ఒకేసారి పోస్తే పొంగి బయటికి వస్తుంది. సున్నపు తేట మిగిలితే దానికి మూత బిగించి, పేరు రాసి, పిల్లలకి అందని చోట పెట్టండి. పారదర్శకమైన సీసాలో ఉంటే మంచినీళ్లనుకుని తాగేస్తారు. నమూనాలని అట్టకి అతికించేటప్పుడు ప్రతిదాన్నీ జతగా పెట్టండి: వెనిగర్‌కి ముందు, తర్వాత. పెంకు లేని గుడ్డు మాత్రం ఫొటోలోనే ఉండాలి, మూడో రోజుకి ఇల్లంతా కంపు కొడుతుంది.